డాక్టరు దగ్గర నంబరు: కర్నూలులో 22 ఏళ్లు చీటీలు రాసిన అనుభవంతో

మీరు అడిగింది ఇదీ. మీ నాయనకు 68 ఏళ్లు, పత్తికొండ దగ్గర పల్లెలో ఉంటారు, షుగరూ బీపీ ఉన్నాయి, కర్నూలులో చూపిస్తున్నారు. మీరు బెంగళూరు నుంచి క్లినిక్‌కు ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తితే "పొద్దున్నే వచ్చి చీటీ రాయించుకోండి" అని పెట్టేస్తారు. పోయిన నెల అమ్మానాయన చీకటితోనే బయలుదేరి, పదకొండు దాకా పస్తుండి, రెండు గంటలకు డాక్టరును చూసి, రిపోర్టు చూపించడానికి మళ్లీ సాయంత్రం దాకా కూర్చొని, రాత్రికి ఇల్లు చేరారు. ఇప్పుడు నాయన "ఇంక నేను రాను, ఏమన్నా కానీ" అంటున్నారు.

చెల్లీ, నేను ఎన్.ఆర్. పేటలో ఒక జనరల్ ఫిజీషియన్ క్లినిక్‌లో 2001 నుంచి 2023 దాకా కౌంటర్లో కూర్చొని, వచ్చినవాళ్ల పేరూ నంబరూ వేసి చీటీలు రాశాను. మీ నాయన లాంటివాళ్లను రోజూ చూశాను. పల్లె నుంచి వచ్చి, బెంచీ మీద చోటు లేక మెట్ల మీద కూర్చొని, తల గోడకు ఆనించి నిద్రపోయేవాళ్లు. ఆ కష్టంలో సగం తప్పించగలిగిందే. అది తెలిసే రాస్తున్నాను.

మొదట ఒక సంగతి. మన ఊళ్లలో చాలా క్లినిక్‌లలో అపాయింట్‌మెంట్ అంటే టైము కాదు, సీరియల్ నంబరు. బెంగళూరులో మీకు "11.20కి రండి" అని మెసేజ్ వస్తుంది కాబట్టి ఇక్కడా అదే ఉంటుందనుకొని "ఎన్ని గంటలకు రావాలి?" అని అడుగుతారు. కౌంటర్లో ఉన్న మనిషికి ఆ జవాబు నిజంగా తెలియదు. డాక్టరు నర్సింగ్ హోమ్‌లో రౌండ్స్ ముగించుకొని పదికి రావచ్చు, పదకొండున్నరకు రావచ్చు. అందుకే ఏదో ఒకటి చెప్పి పెట్టేస్తారు. మీరు అడగాల్సిన ప్రశ్న వేరు. ముందురోజు: "ఫోన్లో నంబరు రాస్తారా, ఎన్ని గంటల నుంచి రాస్తారు?" వచ్చే రోజు పొద్దున: "సారు వచ్చినారా, ఇప్పుడు ఎన్నో నంబరు పోతాంది?" ఈ రెండో ప్రశ్నకు ఎంత విసుగులో ఉన్నా జవాబు చెప్తారు, ఎందుకంటే అది వాళ్ల కళ్లముందున్న పుస్తకంలో ఉంటుంది.

లెక్క ఇట్లా వేసుకోండి. మా డాక్టరు ఒక్కొక్కరికి సగటున ఐదు నిమిషాలు తీసుకునేవారు. అంటే గంటకు 12 మంది. మీది 40వ నంబరైతే 200 నిమిషాలు, మూడు గంటల ఇరవై నిమిషాలు. పదికి మొదలైతే ఒంటిగంటా ఇరవైకి రావాలి. కానీ రాదు. పన్నెండున్నర ప్రాంతంలో పొద్దున రక్తం ఇచ్చినవాళ్ల రిపోర్టులన్నీ ఒకేసారి ల్యాబ్ నుంచి వచ్చి పడతాయి. అప్పుడు ఇద్దరు నంబరు వాళ్లు, ఒక రిపోర్టు అన్న లెక్కన లోపలికి పంపిస్తాం. దాంతో గంటకు 12 నంబర్లు పోయేది 8కి పడిపోతుంది. మధ్యలో ఒక ఎమర్జెన్సీ వచ్చినా, డాక్టరుకు వార్డు నుంచి ఫోన్ వచ్చినా ఇంకో అరగంట. బయట కూర్చున్నవాళ్లకు ఇవేవీ కనబడవు కాబట్టి "తెలిసినోళ్లను దొడ్డిదారిన పంపిస్తాండారు" అనుకుంటారు. అట్లాంటివి అసలు జరగవని నేను చెప్పను. కానీ నంబరు ఆగిపోవడానికి పదిసార్లలో ఎనిమిదిసార్లు కారణం ఆ రిపోర్టులే.

అందుకని మీ నాయన కష్టానికి అసలు మందు పెందరాళే నంబరు పట్టడం కాదు, రిపోర్టులు చేతిలో పెట్టుకొని రావడం. పోయిన నెల ఆయన ఒకే రోజు రెండుసార్లు క్యూలో కూర్చున్నారు, ఒకసారి నంబరు కోసం, ఇంకోసారి రిపోర్టు కోసం. ఆయనకు ఇచ్చిన మందుల చీటీ తీసి అడుగున చూడండి. డాక్టరు చేతిరాతలో మూడు నెలలకో నెలకో రమ్మని, దాని పక్కనే వచ్చేటప్పుడు చేయించాల్సిన టెస్టులు రాసి ఉంటాయి. నూటికి తొంభైమంది ఆ వరస చదవరు. మందుల షాపులో మందులు తీసుకోగానే చీటీ మడిచి సంచిలో పెట్టేస్తారు. అర్థం కాకపోతే ఫోటో తీసి క్లినిక్‌కు వాట్సాప్‌లో పంపి, "ఈ టెస్టులు మా ఊరి దగ్గర చేయించుకొని రావచ్చా?" అని అడగండి. కొందరు డాక్టర్లు తమకు నమ్మకమున్న ల్యాబ్ రిపోర్టే కావాలంటారు. చాలామంది షుగరు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), కొలెస్ట్రాల్ లాంటి మామూలు టెస్టులకు పట్టుబట్టరు. ముందే అడిగితే వృథా ఖర్చు ఉండదు.

పత్తికొండలోనే ముందురోజు రక్తం ఇచ్చి, రిపోర్టు తీసుకొని, మరుసటి రోజు తీరిగ్గా తిని కర్నూలుకు వస్తే ఆయన రోజు ఎంత మారిపోతుందో చూడండి. పస్తు లేదు, రెండో క్యూ లేదు. మూడు నెలల సగటు షుగరు చెప్పే టెస్టు ఉంది కదా, హెచ్‌బీఏ1సీ, దానికి పరగడుపు అవసరమే లేదు. ఎప్పుడైనా ఇవ్వొచ్చు. ఈ సంగతి తెలియక దానికోసం కూడా పస్తుండి వచ్చేవాళ్లను ఎంతమందిని చూశానో.

పరగడుపు విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే పొరపాట్లు జరుగుతాయి. ఫాస్టింగ్ షుగరుకు కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. బీపీ మాత్ర నీళ్లతో వేసుకోవచ్చు. షుగరు మాత్ర, ఇన్సులిన్ మాత్రం రక్తం ఇచ్చేదాకా తీసుకోకూడదు. రక్తం ఇచ్చిన వెంటనే టిఫిన్ తిని, రోజూ తీసుకునేది తీసుకొని, తినడం మొదలుపెట్టినప్పటి నుంచి రెండు గంటలకు రెండో రక్తం ఇవ్వాలి. మనవాళ్లు ఏం చేస్తారంటే, "డాక్టరు దగ్గరికి పోతాన్నా కదా, మందు మానకూడదు" అని పొద్దున ఐదుకే షుగరు మాత్ర మింగి, పరగడుపున బస్సెక్కి, రెండు గంటలకు పైగా ప్రయాణం చేసి వస్తారు. తొమ్మిదింటికి మా కౌంటరు ముందు చెమటలు, వణుకు, కండ్లు బైర్లు కమ్మడం. అది షుగరు పడిపోవడం. 70 కన్నా తగ్గితే అట్లా అవుతుంది. మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి, పదిహేను నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏదీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి పట్టుకుపోవాలి. మీ నాయన జేబులో ఎప్పుడూ ఒక చిన్న పొట్లం చక్కెరో గ్లూకోజో ఉండాలి. డాక్టరు దగ్గరికి వచ్చే రోజు మరీ ముఖ్యం.

ఇక నంబరు పట్టడం. ఫోన్లో రాసే క్లినిక్‌లు సాధారణంగా రోజులో ఒక గంట మాత్రమే రాస్తాయి. కొన్నిచోట్ల పొద్దున ఏడు నుంచి ఎనిమిది, కొన్నిచోట్ల ముందురోజు రాత్రి. ఆ గంటలో యాభై మంది ఒకేసారి చేస్తారు కాబట్టి ఎంగేజ్ వస్తుంది. గంట చివర్లో, అంటే మూసే పది నిమిషాల ముందు చేయండి, అప్పుడు లైను ఖాళీగా ఉంటుంది. నంబరు కాస్త వెనక వస్తుంది, రానివ్వండి. మీ నాయనకు ముందు నంబరు మంచిది కాదు కూడా. ఐదో నంబరు ఇస్తే డాక్టరు రాకముందే ఉండాలి, దానికోసం చీకటితో లేవాలి, డాక్టరు ఆలస్యమైతే ఆ గంటన్నరా బెంచీ మీదే. పల్లె నుంచి వచ్చే పెద్దవాళ్లకు 20 నుంచి 30 మధ్య నంబరు బాగుంటుంది. కర్నూలులోనే ఉండేవాళ్లకు చివరి నంబర్లు మేలు.

పేరు రాయించేటప్పుడు ఊరి పేరుతో సహా రాయించండి. మన జిల్లాలో "ఈరన్న" అని పిలిస్తే ముగ్గురు లేస్తారు. మద్దిలేటి, రంగమ్మ, మహబూబ్ బాషా, లక్ష్మీదేవి, అన్నీ అంతే. ఒకరి ఫైలు ఇంకొకరికి పోవడం నేను చూశాను, డాక్టరు గమనించి ఆపారు కాబట్టి సరిపోయింది. పేరు, ఇంటి పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు, కొత్తా పాతా, ఈ ఆరూ చెప్పాలి. ఫోన్ నంబరు మీది కాదు, ఆ రోజు ఆయన వెంట వచ్చేవాళ్లది ఇవ్వండి. డాక్టరు రాకపోతే క్లినిక్‌వాళ్లు ఆ నంబరుకే చేస్తారు. మీకు చేస్తే మీరు మీటింగులో ఉంటారు, వాళ్లు బస్సులో వస్తూ ఉంటారు.

క్లినిక్ నంబరు ఎక్కడ తీసుకున్నారు? ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. పాత మందుల చీటీ మీద అచ్చయిన నంబరే వాడండి. ఇంటర్నెట్‌లో వెతికితే పైన కనిపించే నంబర్లలో దొంగవి ఉంటున్నాయి. "అపాయింట్‌మెంట్ కోసం ఐదు రూపాయలు పంపండి, ఈ లింకు నొక్కండి, ఈ యాప్ ఎక్కించండి" అంటారు. ఆ యాప్ ఎక్కిస్తే ఫోన్లోని మెసేజీలు వాళ్లకు పోతాయి, ఖాతా ఖాళీ అవుతుంది. అట్లా జరిగితే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. మన ఊళ్లలోని మామూలు క్లినిక్‌లు చీటీ రాయడానికి మీ చేత యాప్ ఎక్కించవు, ఓటీపీ అడగవు.

ఏ రోజు రావాలన్నది కూడా ఆలోచించండి. సోమవారం అందరికన్నా ఎక్కువ జనం, ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి. పండగ మరుసటి రోజు ఇంకా ఎక్కువ. అమావాస్య నాడు మనవాళ్లు డాక్టరు దగ్గరికి రారు, ఆ రోజు మా క్లినిక్ సగం ఖాళీగా ఉండేది. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి ఉత్సవాల రోజుల్లో కోసిగి, ఆదోని వైపు నుంచి వచ్చేవాళ్లు తగ్గేవారు. మీ ఇంట్లో పట్టింపు లేకపోతే అమావాస్య మంచి రోజు. లేదంటే బుధ, గురువారాలు.

హైదరాబాద్ నుంచి నెలకోసారో వారానికోసారో వచ్చే స్పెషలిస్టుల దగ్గరికి ఎప్పుడైనా పోవాల్సి వస్తే, ముందురోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరే ముందు ఒకసారి, రెండుసార్లు అడిగి రండి. వాళ్లు ఆగిపోయేది ఎక్కువ.

ఫీజు గురించి మొదటి రోజే ఒక మాట తేల్చుకోవాలి: ఈ ఓపీ ఎన్నాళ్లు చెల్లుతుంది? కొన్నిచోట్ల వారం, కొన్నిచోట్ల పదిహేను రోజులు, కొన్నిచోట్ల నెల. రిపోర్టు చూపించడం ఆ గడువులో అయిపోతే మళ్లీ ఫీజు ఉండదు. ఒక్కరోజు దాటినందుకు గొడవలు పడేవాళ్లు, నాకు ఆ గొడవలే ఎక్కువ బాధ. ముందే చెప్పమని అడగడం మీ హక్కు. వైద్యుల ప్రవర్తన గురించి 2002లో వచ్చిన నిబంధనలు కూడా ఫీజు వైద్యానికి ముందే తెలియజేయాలనే చెప్తున్నాయి, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో కనబడేట్టు పెట్టాలని కూడా. మీ నాయన ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరి ఉంటే, ఆ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నదీ ఆ నిబంధనల్లోనే ఉంది.

ఇంక ఒక విషయం. దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి. చాలా ఏళ్ల కింద, ఆస్పరి వైపు నుంచి ఒక పెద్దాయన కోడలితో వచ్చారు. నంబరు 34. మెట్ల పక్కన కూర్చొని ఎడమ భుజం రుద్దుకుంటున్నారు. నేను రెండుసార్లు అటు చూశాను. అడగలేదు. పుస్తకంలో 19వ నంబరు పోతోంది, ఫోన్ మోగుతోంది, ముందర పదిమంది నిలబడి ఉన్నారు. గంట తర్వాత కోడలు వచ్చి, "అక్కా, మామకు చెమటలు పోస్తాన్నాయి, గ్యాస్ అంటాడు, నంబరు వచ్చేదాకా ఉంటాలే అంటాడు" అంది. డాక్టరు చూసి, నాలిక కింద మాత్ర పెట్టి, 108 పిలిపించి పెద్దాసుపత్రికి, అంటే కర్నూలు సర్కారు జనరల్ ఆసుపత్రికి పంపించారు. గుండెపోటు. బతికారు. ఆ పొద్దు నుంచి పని మానేసే రోజు దాకా, చీటీ రాసేటప్పుడే ప్రతి ఒక్కరినీ "ఏమి బాధ?" అని అడిగాను. కానీ అడిగేవాళ్లు అన్నిచోట్లా ఉండరు. మన పల్లెవాళ్లు, ముఖ్యంగా మగవాళ్లు, "ముందొచ్చినోళ్లు ఉండారు కదా" అని నోరు మెదపరు. మర్యాద అనుకుంటారు.

అందుకని అమ్మకు మీరే చెప్పి పెట్టండి, నంబరు కోసం కూర్చోకూడని బాధలు ఏవో. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చెమట. మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం. ఇది పక్షవాతం. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వగలరు, అదీ స్కానింగ్ ఉన్న ఆసుపత్రిలో. కాబట్టి ఊళ్లోనే అట్లా అయితే చిన్న క్లినిక్‌కు తిప్పకుండా 108కి ఫోన్ చేసి నేరుగా పెద్ద ఆసుపత్రికి. షుగరు ఉన్నవాళ్లకు గుండెపోటు నొప్పి లేకుండా కూడా రావచ్చు, ఉన్నట్టుండి ఆయాసం, నీరసం, చెమట మాత్రమే ఉండొచ్చు. మీ నాయనకు షుగరు కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. కుక్క కరిస్తే అపాయింట్‌మెంట్ మాటే లేదు: సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు దగ్గర్లోని సర్కారు ఆసుపత్రికి పోవాలి. అక్కడ టీకా ఉచితం, తర్వాతి డోసుల తేదీలు ఒక్కటి కూడా తప్పకూడదు. పాము కాటూ అంతే, కట్టు కట్టడాలు, మంత్రాలు వద్దు, నేరుగా ఆసుపత్రే. క్లినిక్‌లో ఉన్నప్పుడు ఇట్లాంటివి ఏవి కనిపించినా అమ్మ లేచి కౌంటరు దగ్గరికి పోయి గట్టిగా చెప్పాలి. పక్కవాళ్లు ఏమీ అనుకోరు. మా క్లినిక్‌లో అట్లా పంపినప్పుడు ఒక్కరు కూడా ఎదురు మాట్లాడలేదు.

లోపల దొరికేది ఐదు నిమిషాలే కదా, దాన్ని వాడుకోవడం కూడా నేర్చుకోవాలి. తలుపు తీసి లోపలికి పోగానే మీ నాయన ఏమంటారో నాకు తెలుసు. "ఏం లేదు సామీ, బాగానే ఉండా." బయటికి వచ్చాక అమ్మతో "కాళ్లు మంటలు పుడతాన్నాయని చెప్పడం మరిచిపోతి" అంటారు. ముందురాత్రి ఫోన్ చేసి ఆయన చేత చెప్పించుకొని, మూడు ముక్కలు కాగితం మీద రాయించండి. ఎప్పటి నుంచి, ఎప్పుడు ఎక్కువ, దేనితో తగ్గుతుంది. "ఒళ్లంతా నొప్పి" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. "రాత్రి పండుకున్నాక అరికాళ్లు మంట, ఆరు నెలల నుంచి" అంటే వెంటనే చెప్పులిప్పమని కాళ్లు చూస్తారు. షుగరు ఉన్నవాళ్లకు అది చాలా పెద్ద సంగతి, కాలి వేళ్ల మధ్య చిన్న పుండు కూడా వాళ్లకు తెలియదు. ఏడాదికోసారి కంటి లోపలి పొర కూడా చూపించాలి. కర్నూలులో సర్కారు ప్రాంతీయ కంటి ఆసుపత్రే ఉంది. ఆ పనిని ఈ రాకలోనే పెట్టుకోకండి, కంట్లో చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బస్సు బోర్డు చదవలేరు.

కాగితాలు. చిన్న క్లినిక్‌లలో మీ నాయన ఫైలు ఎక్కడా ఉండదు, ఆయన చేతిలోని చీటీయే ఫైలు. అది పోతే అంతా పోయినట్టే. ఒక ప్లాస్టిక్ ఫైలు కొని, కొత్తది పైన వచ్చేట్టు పెట్టించండి. ఈసీజీ కాగితం వేడికి అచ్చయ్యే కాగితం, ఏడాది రెండేళ్లలో తెల్లగా అయిపోతుంది. తీసిన రోజే జిరాక్స్ చేయించండి లేదా ఫోటో తీసి మీ దగ్గర ఉంచుకోండి. కొత్త ఈసీజీలో తేడా ఉందో లేదో పాతదాంతో పోల్చే డాక్టరు చెప్తారు, తెల్లకాగితం చూసి ఏం చెప్పగలరు? వాడుతున్న మాత్రల అట్టలు కూడా సంచిలో వేసుకొని రమ్మనండి. షాపుల్లో ఒక కంపెనీ బదులు ఇంకో కంపెనీ ఇస్తారు. ఒకే మందు రెండు పేర్లతో ఇంట్లో ఉండి, రెండూ మింగి పడిపోయినవాళ్లు మా దగ్గరికి వచ్చారు.

లోపలి నుంచి బయటికి వచ్చాక బస్టాండుకు పోయే తొందరలో ఉంటారు. ఆ రెండు నిమిషాలు ఆగమనండి. తర్వాత ఏ రోజు రావాలి, ఏ టెస్టులతో రావాలి, ఇవి అడిగి అప్పుడే పుస్తకంలో పేరు రాయించాలి. ఎదురుగా నిలబడి అడిగినవాళ్లకు మేం నెల ముందే రాసేవాళ్లం, ఫోన్లో మాత్రం రాసేవాళ్లం కాదు. మాత్రలు నెలకు 30 కాదు, 35 రోజులకు సరిపడా తీసుకోమనండి. డాక్టరు ఊరు పోయినా, బస్సులు ఆగినా, పొలం పని పడినా నాలుగు రోజులు మందు ఆగదు. బీపీ మాత్ర నాలుగు రోజులు మానేసి వచ్చి "బీపీ తగ్గలేదు" అంటే, డాక్టరు డోసు పెంచుతారు. అవసరం లేని పెంపు అది.

రాలేకపోతే ఫోన్ చేసి చెప్పండి. ఖాళీ అయిన ఆ నంబరు ఎవరో ఒక గర్భిణికి, ఎవరో చంటిబిడ్డ తల్లికి పోతుంది. పైగా అట్లా చెప్పినవాళ్ల పేరు మాకు గుర్తుండేది. మళ్లీ వాళ్లు ఫోన్ చేస్తే ఎట్లాగోలా నంబరు సర్దేవాళ్లం.

ప్రతిసారీ కర్నూలుకే రావాలా అని కూడా ఆలోచించండి. షుగరు, బీపీ అదుపులో ఉన్నప్పుడు నడుమ చూపింపులు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయించుకోవచ్చు. బీపీ, షుగరు చూసి మాత్రలు ఉచితంగా ఇస్తారు. మీ నాయన వాడే మందే అక్కడ ఉందో లేదో ముందు కనుక్కోండి, లేకపోతే డాక్టరును అడగకుండా మార్చకండి. ఈ-సంజీవని అనే సర్కారు సేవ ద్వారా ఫోన్లోనే డాక్టరుతో ఉచితంగా మాట్లాడొచ్చు. మీ డాక్టరే వీడియోలో చూస్తారేమో అడగండి, 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్లో, వీడియోలో వైద్యం) మార్గదర్శకాల తర్వాత అది చట్టబద్ధమే. చూడాలా వద్దా అన్నది డాక్టరు ఇష్టం. రిపోర్టు చూపించే పనికి అది చాలా బాగుంటుంది. మీరు బెంగళూరు నుంచి అదే కాల్‌లో చేరవచ్చు, డాక్టరు చెప్పింది మీ చెవులతో మీరే వింటారు.

పెద్దాసుపత్రికి పోవాల్సి వస్తే లెక్క వేరు. అక్కడ ఓపీ చీటీకి డబ్బులు లేవు. ఫోన్లో అపాయింట్‌మెంట్ ఉండదు, పొద్దున్నే కౌంటర్లో చీటీ తీసుకోవడమే. ఆభా నంబరు, అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, ముందే చేయించి ఉంటే, కౌంటరు దగ్గరి క్యూఆర్ కోడ్ ఫోన్‌తో స్కాన్ చేసి టోకెన్ తీసుకోవచ్చు, పేరూ వయసూ చెప్పి రాయించుకునే బాధ తగ్గుతుంది. ఇంటి దగ్గర మీరు సెలవుకు వచ్చినప్పుడు ఆ పని చేసి పెట్టండి. ఇంకొకటి బయటివాళ్లకు తెలియనిది: బోధనాసుపత్రిలో ఒక్కో విభాగంలో యూనిట్లు, అంటే డాక్టర్ల జట్లు ఉంటాయి, ఒక్కో యూనిట్‌కు వారంలో ఒక్కో ఓపీ రోజు. మొదటిసారి మంగళవారం చూసిన డాక్టరు మళ్లీ మంగళవారమే ఉంటారు. గురువారం పోతే వేరే డాక్టరు, మళ్లీ మొదటి నుంచి కథంతా చెప్పుకోవాలి. చీటీ మీద యూనిట్ పేరు రాసి ఉంటుంది, ఆ రోజే పోవాలి. గద్వాల, అలంపూర్, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా అక్కడికే వస్తారు, జనం ఎంత ఉంటారో ఊహించుకోండి.

ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మన ఆరోగ్యశ్రీ, 2007లో మొదలైంది. అప్పటి నుంచి చాలామందికి ఒక అపోహ ఉంది, కార్డు చూపిస్తే క్లినిక్ ఫీజు కూడా పోతుందని. మామూలు ఓపీ ఫీజుకు, నెల మాత్రలకు అది పనికిరాదు. ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బులకు, ఆపరేషన్లకు, ఆ పథకంలో ఉన్న ఆసుపత్రిలో పనికొస్తుంది. ఏదైనా పెద్ద వైద్యం చెప్తే డబ్బు కట్టకముందే ఆసుపత్రిలో ఆ పథకం తరఫున సాయం చేయడానికి ఉండే ఆరోగ్యమిత్రను కలవమని అమ్మకు చెప్పండి.

ఇక మీ నాయన "రాను" అన్న మాట. దాని మీద ఆయనతో వాదించకండి. ఆయనకు డాక్టరు మీద కోపం లేదు, ఆ రోజు మీద కోపం. ముందురోజు పత్తికొండలో రక్తం ఇప్పించండి. మరుసటి రోజు 25వ నంబరు రాయించి, పొద్దున ఎనిమిదింటికి రొట్టె తిని, మాత్ర వేసుకొని బయలుదేరమనండి. పదిన్నరకు మీరు బెంగళూరు నుంచి క్లినిక్‌కు ఫోన్ చేసి సారు వచ్చిందీ లేనిదీ కనుక్కొని, బస్సులో ఉన్న అమ్మకు చెప్పండి. పదకొండుకు క్లినిక్‌లో ఉంటారు, రిపోర్టు చేతిలో ఉంటుంది, ఒంటిగంటన్నరకల్లా చూపించుకొని బయటపడతారు. రెండింటి బస్సెక్కితే, ఎద్దులకు మేత వేసే పొద్దుకు ఇంట్లో ఉంటారని ఆయనకు చెప్పండి.